ఆపరేషన్ అయిపోయింది, ఇక ఎవరిని అడగాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

అక్టోబర్ వస్తే పత్రికలన్నీ రొమ్ము క్యాన్సర్ గురించి పేజీలకు పేజీలు వేస్తాయి, మీరూ వేస్తారు, మంచి పని. అవి చదివి మా వీధిలో ఆడవాళ్లు కొందరు పరీక్ష చేయించుకున్నారు కూడా. మగవాళ్లకు వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి మాత్రం ఏ తెలుగు పత్రికలో చూసినా ఒకటే రకం వ్యాసం. లక్షణాలివి, పీఎస్‌ఏ అనే రక్త పరీక్ష చేయించుకోండి, రోబో సర్జరీ వచ్చింది, భయపడాల్సిన పని లేదు. అక్కడితో సరి. భయం లేదని చెప్పించుకుని ఇంటికొచ్చిన మనిషి ఆ తర్వాత ఎలా బతుకుతున్నాడో ఎవరూ రాయరు. అది రాయడానికే ఈ ఉత్తరం. పొడుగైంది, ఏమీ అనుకోకండి. నలుగురిలో అనుకోని మాటలు కొన్ని ఉంటాయి, తగ్గించాల్సి వస్తే ఇంకేవైనా తగ్గించండి గానీ వాటిని మాత్రం తీసేయొద్దని మనవి.

నాది అనంతపురం జిల్లా. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, ఇక్కడే ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, రామమూర్తి నగర్‌లో స్థిరపడ్డాను. ప్రోస్టేట్ తీసేసే ఆపరేషన్, తర్వాత రేడియేషన్ (మా ఊళ్లో దాన్ని ఇప్పటికీ కరెంటు పెట్టడం అంటారు), దాంతోపాటు హార్మోన్ ఇంజెక్షన్లు, మూడూ చూశాను. ప్రాణం నిలబెట్టిన డాక్టర్లంటే నాకు గౌరవం ఉంది. నా బాధ వాళ్ల చేతిపని గురించి కాదు. గడ్డ సంగతి చూసుకోవడానికి సర్జన్, రేడియేషన్ డాక్టరు, మందుల డాక్టరు ఇంతమంది ఉన్నారు, గడ్డ పోయాక మిగిలిన మనిషి సంగతి చూసుకోవడానికి ఒక్కరూ లేరు. నాకొక్కడికే కాదు, ఓపీలో నా పక్కన కూర్చున్న ప్రతి ఒక్కరిదీ ఇదే కథ.

మొదట మూత్రం సంగతి చెప్తాను. ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. దాన్ని తీసేసినప్పుడు మూత్రాన్ని ఆపి ఉంచే కండరాలు, నరాలు దెబ్బతింటాయి లేదా బలహీనపడతాయి. మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం (క్యాథటర్) తీసేసిన రోజు నుంచి దగ్గితే లీక్, తుమ్మితే లీక్, కుర్చీలోంచి లేస్తే లీక్. ఎక్కువమందికి కొన్ని నెలల్లో, కొందరికి ఏడాదికి, నెమ్మదిగా తగ్గుతుంది. కొందరికి ఏడాది దాటినా తగ్గదు, వాళ్లకు స్లింగ్ (మూత్రనాళానికి ఊతంగా పెట్టే పట్టీ) అని, కృత్రిమ స్ఫింక్టర్ (మూత్రాన్ని ఆపే పరికరం) అని వేరే ఆపరేషన్లు ఉన్నాయి. ఈ నాలుగు వాక్యాలు ఆపరేషన్‌కి ముందు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాకు చెప్పిందల్లా "కొంచెం లీకేజ్ ఉంటుంది అంకుల్, అడ్జస్ట్ అవుతుంది" అని. కొంచెం అంటే ఎంతో, అడ్జస్ట్ అంటే ఎన్నాళ్లకో అడిగేలోపు తర్వాతి పేషెంట్ పేరు పిలిచేశారు.

కటి కండరాలకు వ్యాయామాలున్నాయి, కీగెల్ అంటారు. గ్యాస్ ఆపుకోవడానికి మనం ఏ కండరాన్ని బిగబడతామో దాన్ని కొన్ని సెకన్లు బిగించి వదలడం, మళ్లీ బిగించి వదలడం, రోజుకు కొన్నిసార్లు. పొట్ట బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఆపరేషన్‌కి ముందు నుంచే మొదలుపెడితే మేలు, క్యాథటర్ ఉన్నన్నాళ్లు చేయకూడదు, తీశాక మళ్లీ మొదలుపెట్టాలి. ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికన్ డాక్టరు దీన్ని 1948లో కాన్పైన ఆడవాళ్ల కోసం చెప్పాడు. ఇంత పాతది, పైసా ఖర్చు లేనిది, అయినా ఏ కండరమో సరిగ్గా చూపించి నేర్పే ఫిజియోథెరపిస్టు చాలా యూరాలజీ ఓపీల్లో కనబడరు. చేతిలో ఒక ఇంగ్లీషు కాగితం పెట్టి పంపుతారు, అదీ ఇస్తే. చాలామంది లీక్ భయంతో నీళ్లు తాగడం తగ్గించేస్తారు, దాంతో మూత్రం చిక్కబడి మూత్రాశయం ఇంకా చికాకు చేస్తుంది, మంట, ఇన్ఫెక్షన్, మళ్లీ ఆస్పత్రి. తగ్గించాల్సింది కాఫీ, టీ. ఇది నాకు చెప్పింది ఆస్పత్రి వాళ్లు కాదు, నాకంటే ముందు ఆపరేషన్ అయిన ఒక రిటైర్డ్ లోకో పైలట్ గారు, ఓపీ బయట బెంచీ మీద.

ఆయనే ఇంకోటి కూడా చెప్పారు, తెల్ల పంచె కట్టడం మానేశానని. పెళ్లిళ్లకు వెళ్తే నల్ల ప్యాంటు, చేతిలో ఒక సంచి, సంచిలో రెండు ప్యాడ్లు, ఒక ప్లాస్టిక్ కవరు. కవరు ఎందుకంటే వాడిన ప్యాడ్ పారేయడానికి మగవాళ్ల టాయిలెట్లో బుట్ట ఉండదు. మీరెప్పుడైనా గమనించారా? బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, మాల్స్, కల్యాణ మండపాలు, చివరికి ఆస్పత్రుల్లో కూడా, ఆడవాళ్ల వైపు మూతున్న బుట్ట ఉంటే ఉంటుంది, మగవాళ్ల వైపు గోడకు యూరినల్స్ తప్ప ఇంకేమీ ఉండదు. తడిసిన ప్యాడ్‌ని కవర్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, భోజనాల బంతిలో ఆ సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చోవాలి. వాసనొస్తుందేమోనని పక్కవాళ్ల మొహం చూస్తూ తినే భోజనం ఎలా ఉంటుందో నేను రాయక్కర్లేదు. అందుకే చాలామంది వెళ్లడం మానేస్తారు. పెళ్లిళ్లు మానేస్తారు, బస్సు ప్రయాణం మానేస్తారు, గుడికి వెళ్లడం మానేస్తారు. ఒంటి మీద ప్యాడ్‌తో గుళ్లోకి వెళ్లొచ్చా అని ఎవరినడగాలో తెలియక ప్రతి ఏడూ వెళ్లే తిరుమల ప్రయాణాన్నే మానుకున్నవాళ్లు నాకు తెలుసు. జబ్బుతో బతికి బయటపడినవాడు మైలపడ్డట్టు ఇంట్లో కూర్చోవడం ఎంత అన్యాయమండీ.

బ్రిటన్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ యూకే అనే సంస్థ మగవాళ్ల టాయిలెట్లలో కూడా ఇలాంటి బుట్టలు పెట్టాలని పెద్ద ఎత్తున ఉద్యమమే నడుపుతోంది. ఒక మూతున్న బుట్టకు ఏమంత ఖర్చవుతుంది? బెంగళూరు నగర పాలకులు పబ్లిక్ టాయిలెట్లకు, హోటళ్లు, కల్యాణ మండపాల వాళ్లు తమ టాయిలెట్లకు ఇది తప్పనిసరి అనుకుంటే నెల రోజుల పని.

ఖర్చంటే గుర్తొచ్చింది. ఆడవాళ్ల శానిటరీ నాప్‌కిన్ల మీద జీఎస్టీ 2018లో తీసేశారు, చాలా మంచి పని. పెద్దవాళ్ల డైపర్ల మీద ఇంకా పన్ను ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బు కట్టని వస్తువుల జాబితాలో డైపర్ ఉంటుంది, ఏ రకం డైపరైనా సరే. ఆపరేషన్‌కి లక్షలు ఇచ్చిన పాలసీ, ఆ ఆపరేషన్ వల్లే అవసరమైన ప్యాడ్‌కి రూపాయి ఇవ్వదు. మందుల షాపు కుర్రాడు డైపర్ ప్యాకెట్‌ని పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, "తాతగారికా సార్, సైజు ఎంత?" అని అడుగుతాడు. నాకే బాబూ అని చెప్తే వాడే తలవంచుకుంటాడు. వాణ్ణేమీ అనను. వాడు చూసిన మగవాళ్లంతా అది ఇంకెవరికోసమో కొన్నట్టే కొనుంటారు.

ఇప్పుడు భాష సంగతి. బెంగళూరు ఆస్పత్రుల్లో అనంతపురం, చిత్తూరు, కడప, మదనపల్లె, హిందూపురం నుంచి వచ్చిన తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి గేటు దగ్గర ఒక పూట నిలబడితే తెలుస్తుంది. మాట్లాడుకునేంత కన్నడ చాలామందికి వస్తుంది, బస్సు టికెట్టు తీసుకోవడానికి, అద్దె బేరమాడడానికి సరిపోతుంది. కానీ అంగం గురించి, మూత్రం గురించి, భార్యతో పడక గురించి మాట్లాడేంత రాదు. అప్పుడు ఏమవుతుందంటే, కొడుకు డ్యూటీలో ఉంటాడు కాబట్టి కోడలో కూతురో వెంట వస్తుంది, డాక్టరు ఇంగ్లీషులో ఆ అమ్మాయితో మాట్లాడతాడు, ఆ అమ్మాయి సగం మింగేసి "అంతా బాగుందంట మామయ్యా, మందులు వేసుకోమన్నారు" అంటుంది. ఆ అమ్మాయి ముందు ఈ మనిషి ఏం అడుగుతాడు? మా కోడలు బంగారం లాంటి పిల్ల, లీవు పెట్టి మరీ నాతో వచ్చేది. కానీ ఆమె గదిలో ఉన్నంతసేపు నేను నా అసలు బాధ ఒక్కటి కూడా డాక్టరుకు చెప్పలేకపోయాను, ఇద్దరం గోడమీది క్యాలెండర్ చూస్తూ కూర్చునేవాళ్లం. దుబాసీ పని ఇంటి పిల్లల మీద వేస్తే రోగి నోరు మూతపడుతుంది, ముఖ్యంగా ఈ జబ్బులో. ఆస్పత్రి జీతమిచ్చి పెట్టుకునే మనిషి, మగ నర్సో కౌన్సెలరో, తెలుగు వచ్చినవాడు ఒకడుంటే చాలు. ఐదు నిమిషాలు రోగిని, రోగి భార్యను విడిగా కూర్చోబెట్టుకుంటే చాలు.

ఒక ఆస్పత్రి వార్డులో నా పక్క మంచం పెద్దాయనది మదనపల్లె దగ్గర పల్లె. ఆయన క్యాన్సర్ ఎముకలకు పాకింది. ప్రోస్టేట్ క్యాన్సర్ మగ హార్మోన్ మీద ఆధారపడి పెరుగుతుంది, అందుకని ఆ హార్మోన్‌ను ఆపాలి. దానికి ముఖ్యంగా రెండు దారులు. నెలకో మూడు నెలలకో ఇంజెక్షన్ వేయించుకుంటూ పోవడం ఒకటి, వృషణాలు తీసేయడం రెండోది. రెండోది ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చు తక్కువ, పనితనంలో ఇంజెక్షన్‌కి తీసిపోదు, అందుకే మన దేశంలో పేదవాళ్లకు ఎక్కువగా అదే చేస్తారు. తప్పు లేదు. కానీ ఆయన ఏ కాగితం మీద వేలిముద్ర వేశాడో ఆయనకు తెలియదు. వరిబీజానికి చేస్తున్నారేమో అనుకున్నాడట. కట్టు విప్పిన రోజు నర్సమ్మ వెళ్లాక నన్ను పిలిచి, "ఏమన్నా, అన్నీ తీసేసినట్లుండారే?" అని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను, ఎందుకు తీశారో, దానివల్ల నొప్పి ఎలా తగ్గుతుందో. అంతా విని, "ముందే ఒక మాట చెప్పింటే నేనే సరే అనేవాణ్ణి కదన్నా, దొంగతనంగా చేసినట్ల చేసిరి" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. తర్వాత ఇద్దరు కొడుకులు వస్తే దుప్పటి గట్టిగా లాక్కుని పడుకున్నాడు, వాళ్లకు చెప్పొద్దని నాకు చేత్తో సైగ చేశాడు. కన్నడలో, ఇంగ్లీషులో ఉన్న అంగీకార పత్రం మీద వేసిన ఆ వేలిముద్రను అంగీకారం అని ఎలా అంటారు?

హార్మోన్ వైద్యం నిన్నమొన్న వచ్చిందేమీ కాదు. చార్లెస్ హగ్గిన్స్ 1941లోనే దీన్ని నిరూపించాడు, 1966లో నోబెల్ కూడా ఇచ్చారు. ఎనభై ఏళ్లు దాటిన వైద్యం, దాని దుష్ప్రభావాలు కూడా అంతే పాతవి, పుస్తకాల్లో ఉన్నవి. ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రిళ్లు చెమట, నీరసం, కండ కరగడం, పొట్ట రావడం, రొమ్ములు ఉబ్బి నొప్పెట్టడం, కోరిక చచ్చిపోవడం, ఎముకలు గుల్లబారడం, షుగర్ పెరగడం, దేనికీ మనసు పట్టకపోవడం. వీటిలో ఎన్ని నాకు ముందే చెప్పారు? నీరసం ఒక్కటే. డిసెంబర్ చలిలో బనియన్ తడిసిపోయి లేచి కూర్చుంటే, ఏ కొత్త రోగమోనని నాకు గుండె దడ. మా ఆవిడ లైటు వేసి, నన్ను తేరిపార చూసి, "ఇది నాకొచ్చిందే, నెలసరి ఆగిపోయినప్పుడు" అంది. ఇంజెక్షన్ రాసిన డాక్టరు చెప్పని సంగతిని ఆమె ఒక్క చూపులో పట్టేసింది. ఫ్యాను ఎటు తిప్పుకోవాలో, పడుకునే ముందు వేడి వేడి కాఫీ ఎందుకు మానాలో, పక్కన పొడి తువ్వాలు ఎందుకు పెట్టుకోవాలో ఆమే నేర్పింది.

ఏడుపు సంగతి ఇంకా ఎవరూ చెప్పరు. టీవీలో ఏదో చిన్న సీను చూసి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, మనవడు గట్టిగా మాట్లాడితే గొంతు పూడుకుపోతుంది. జీవితంలో ఎప్పుడూ ఏడవని మనిషి నాకేదో పిచ్చి పడుతోంది అనుకుంటాడు, లేదా ముసలితనం అనుకుని లోపలే కుమిలిపోతాడు. ఇది మందు చేసే పని కూడా కావచ్చు, డాక్టరుకు చెప్పాలి, దీనికి చికిత్స ఉంది అని ఒక్క మనిషి ముందే చెప్తే ఎంత భారం దిగుతుంది! రోజూ నడక, చేతనైనంత బరువులతో కండరాల వ్యాయామం చేస్తే ఈ నీరసం తగ్గుతుందని మంచి రుజువులున్నాయి, అదీ ఎవరూ చెప్పరు, రెస్ట్ తీసుకోండి అంటారు. ఎముకల బలం చూసే డెక్సా స్కాన్, క్యాల్షియం, విటమిన్ డి సంగతి మనమే అడగాలి. ఎముకలకు ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటి ఇంజెక్షన్లకు ముందు పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి, ఆ మందు మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముకకు ముప్పు రావచ్చు.

ఇక పడక సంగతి. సంపాదకులు గారూ, దీన్ని కత్తిరించొద్దనే పైన రాశాను. ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిని, ఇంజెక్షన్‌తో కోరిక పోయి, ఈ జబ్బు చాలామంది దాంపత్యాన్ని ఉన్నట్టుండి ఆపేస్తుంది. ధైర్యం చేసి అడిగితే వచ్చే జవాబు ఏమిటో తెలుసా? "ఈ వయసులో ఇంకేం కావాలండీ, ప్రాణం దక్కింది కదా!" నాతో అన్నారు, లోకో పైలట్ గారితోనూ అన్నారు, ఇంకా ఎంతమందితో అన్నారో. అరవై దాటితే మగవాడికి భార్య పక్కన పడుకునే అర్హత కూడా పోతుందా? మందులున్నాయి, వాక్యూమ్ పరికరాలున్నాయి, ఇంజెక్షన్లున్నాయి, అందరికీ పనిచేయవు గానీ కొందరికి పనిచేస్తాయి. గుండె కోసం నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు వయాగ్రా రకం మాత్రలు వేసుకోకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు మాట్లాడకపోతే మనిషి ఆగడు కదా, గోడల మీద రాతలు చూసి ఏ లాడ్జిలో కూర్చునే "సెక్స్ స్పెషలిస్ట్" దగ్గరికో వెళ్తాడు, వాడు ఏం పొడి ఇస్తాడో ఆ దేవుడికే తెలియాలి.

మందుల సంగతి అటుంచండి, భార్యతో ఎవరూ మాట్లాడరు. మొగుడు సిగ్గుతో వేరే గదిలో పడుకోవడం మొదలుపెడతాడు, తడుస్తుందనో, చేతకాదనో. ఆమె తన మీద కోపమనుకుంటుంది. ఇద్దరూ నోరు విప్పరు. ముప్పై, నలభై ఏళ్ల కాపురం చేసినవాళ్ల మధ్య కూడా గోడ లేస్తుంది. నా ఇంట్లో ఆ గోడ లేవకపోవడానికి కారణం మా ఆవిడే, ఒకరోజు నా దిండు తెచ్చి తన మంచం మీద పడేసి, దుప్పటి కింద రబ్బరు షీటు పరిచి, "నీళ్లే కదా, ఉతుక్కుంటాం" అంది. అంత ధైర్యం అందరిళ్లలోనూ ఉండాలని ఆశపడి ఊరుకుంటే ఎలా? ఆస్పత్రిలో దంపతులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ఉండాలి.

ఇంకో విషయం, ఇది ప్రాణానికి సంబంధించింది, దయచేసి దీన్ని పెద్ద అక్షరాలతో వేయండి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా పాకేది ఎముకలకు, అందులోనూ వెన్నెముకకు, తుంటికి. మనవాళ్లు నడుం నొప్పి వస్తే ముసలితనం అంటారు, తైలం రాస్తారు, నడుం తొక్కించుకుంటారు, తగ్గకపోతే పుత్తూరు కట్టుకు వెళ్తారు, బెంగళూరులోనే వీధికొక పుత్తూరు కట్టు బోర్డు ఉంది. చెయ్యి విరిగితే వెళ్తారో లేదో మీ ఇష్టం, కానీ క్యాన్సర్ తిన్న వెన్నుపూసను ఎవరైనా నొక్కితే, విరిస్తే కాళ్లు పడిపోగలవు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మనిషికి వెన్నులో కొత్త నొప్పి వచ్చి, కాళ్లు బలహీనపడుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, మూత్రం గానీ దొడ్డికి గానీ ఉన్నట్టుండి ఆగిపోయినా, లేదా తెలియకుండా పోతున్నా, ఆ రోజే, ఆ రాత్రే పెద్దాస్పత్రికి వెళ్లాలి. వెన్నుపాము నొక్కుకుపోతోందన్నమాట. వెంటనే వెళ్తే నడక నిలబడే అవకాశం ఉంది, రెండు రోజులు ఆలస్యమైతే జీవితాంతం మంచమే కావచ్చు. ఈ ఒక్క సంగతి రాసిన తెలుగు కాగితం ప్రతి రోగి ఫైల్లో పెట్టి పంపడానికి ఆస్పత్రులకు ఏం అడ్డం?

నొప్పి గురించి కూడా రాయాలి. ముదిరినవాళ్ల ఎముకల నొప్పి మామూలు మాత్రలకు లొంగదు. నోటితో వేసుకునే మార్ఫిన్ చవకైన మందు, సరిగ్గా ఇస్తే మనిషి కూర్చుని అన్నం తినగలడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల అది దొరకడమే కష్టమయ్యేది, 2014లో చట్టం సవరించి సులువు చేశారు. అయినా ఇప్పటికీ మన జిల్లాల్లో అది దొరికే చోట్లు తక్కువ, ఇంట్లోవాళ్లేమో మత్తుకు అలవాటు పడతాడని భయపడతారు. కిద్వాయ్‌లో నొప్పి నివారణకు, పాలియేటివ్ కేర్‌కు (జబ్బు పెట్టే బాధల్ని తగ్గించే వైద్యానికి) విభాగం ఉంది. మారతహళ్లి దగ్గర కరుణాశ్రయ అని 1999 నుంచి నడుస్తున్న హాస్పిస్ ఉంది, ముదిరిన క్యాన్సర్ రోగుల్ని పైసా తీసుకోకుండా చూసుకుంటారు. చిత్తూరు, అనంతపురం నుంచి ఇక్కడికొచ్చి, చేతులెత్తేశారని చెప్పించుకుని, నొప్పితో మూలుగుతూ రాత్రి బస్సులో వెనక్కి పోయేవాళ్లకు ఈ పేర్లు ఎవరూ చెప్పరు. పాలియేటివ్ అంటే చావుకి ముందు వెళ్లేది అనే భయం ఒకటి ఉంది, అది పోవాలి. నొప్పి మొదలైన రోజు నుంచే వెళ్లొచ్చు, అటు చికిత్స చేయించుకుంటూనే ఇటు ఇది కూడా.

పీఎస్‌ఏ రిపోర్టు కోసం ఎదురుచూసే టెన్షన్ గురించి, పింఛన్ లేనివాళ్లు మందుల షాపులో మాత్రల ధర విని సగం స్ట్రిప్ అడిగే బాధ గురించి రాయడం మొదలుపెడితే ఇంకో ఉత్తరమవుతుంది.

ఈ జబ్బు వచ్చేవాళ్ల సంఖ్య తగ్గేది కాదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో 2020లో ఏడాదికి 14 లక్షలున్న కొత్త కేసులు 2040కల్లా 29 లక్షలవుతాయి. మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు, అదే ముఖ్య కారణం, చికిత్స తర్వాత కూడా ఏళ్ల తరబడి బతుకుతారు. అంటే నాలాంటివాళ్లు ఇంకా పెరుగుతారు. 2025 బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామన్నారు. అనంతపురంలో, చిత్తూరులో, కడపలో ఆ కేంద్రాలు తెరిచేటప్పుడు కీమో కుర్చీలతో ఆపేయకుండా, హార్మోన్ ఇంజెక్షన్ అక్కడే వేసేలా, కటి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టును, మార్ఫిన్ రాయగల డాక్టరును అక్కడే పెట్టేలా మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఇప్పుడే అడగాలి. ఒక్క ఇంజెక్షన్ కోసం, తడిసే ఒంటితో, ఎక్కడ బస్సు ఆపుతారో తెలియని రాత్రి ప్రయాణం చేసి బెంగళూరు రావడం ఎంత నరకమో ఆ బస్సెక్కినవాళ్లకే తెలుసు. బ్రిటన్‌లో రోగికి ఒక స్పెషలిస్ట్ నర్సును చూపించి, ఏ సందేహమున్నా ఈమెను అడగండి అని చెప్పే పద్ధతి ఉంది. మన యూరాలజీ, రేడియేషన్ విభాగాలు రెండూ కలిసి అలాంటి ఒక్క నర్సును పెట్టినా, పైన రాసిన బాధల్లో సగం గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

ప్రభుత్వాలు చేసేదాకా మనం ఆగక్కర్లేదు. బెంగళూరులో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది, ఉగాదికి, నాటకాలకు, సన్మానాలకు ఎన్నిసార్లు కలిశామో అక్కడ. నెలకొక ఆదివారం పొద్దున ఒక గది ఇస్తే, ఈ జబ్బు ఉన్నవాళ్లు, తగ్గినవాళ్లు, వాళ్ల భార్యలు వచ్చి కూర్చుంటారు. ఓపీ బెంచీ మీద ఆ లోకో పైలట్ గారు నాకు పది నిమిషాల్లో చెప్పింది అక్కడ యాభైమందికి చెప్పొచ్చు. తెలుగొచ్చిన యూరాలజిస్టులు, ఫిజియోథెరపిస్టులు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, నెలకో గంట ఇవ్వండని వాళ్లను అడుగుతున్నాను. కొడుకుల్ని కూడా తీసుకురావాలి, ఎందుకంటే తండ్రికో అన్నదమ్ముడికో ఈ క్యాన్సర్ ఉంటే రిస్క్ సుమారు రెట్టింపు. వాళ్లు నలభై ఐదేళ్లకే డాక్టరుతో పీఎస్‌ఏ గురించి మాట్లాడాలి. మొదట్లో ఈ జబ్బుకు చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు, మూత్రం ఇబ్బంది వచ్చాక చూద్దాంలే అనుకుంటే కుదరదు. అలాగని ఇబ్బంది ఉన్న ప్రతివాడికీ క్యాన్సర్ కాదు, ఎక్కువమందికి అది వయసుతో వచ్చే మామూలు ప్రోస్టేట్ వాపే. పీఎస్‌ఏ కూడా ఇన్ఫెక్షన్‌తో, ఆ వాపుతో పెరగొచ్చు, ఒక్క అంకె చూసి బెంబేలెత్తొద్దు.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. వారానికో ఆరోగ్యం పేజీ వేస్తున్నారు కదా, అందులో ఈ జబ్బు తర్వాతి జీవితం గురించి పాఠకుల ప్రశ్నలకు డాక్టరు చేత, నర్సు చేత, ఫిజియోథెరపిస్టు చేత జవాబులు రాయించండి. పేరు లేకుండా ప్రశ్న పంపొచ్చని పైన వేయండి, ఎన్ని ఉత్తరాలొస్తాయో మీరే చూస్తారు. నా పేరు, అడ్రసు మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. ఆదివారం కలవడానికి ముందుకొచ్చేవాళ్లు మీకు రాస్తే ఆ ఉత్తరాలు నాకు పంపండి, మిగతా ఏర్పాట్లు నేనూ మా ఆవిడా చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రామమూర్తి నగర్, బెంగళూరు